పాంజర్ 4 రంగుల పాఠాలు, 5వ భాగం: పసుపు మీద ఆకుపచ్చ, గోధుమ మచ్చలు

పాంజర్ 4 రెండో ప్రపంచ యుద్ధపు జర్మన్ ట్యాంకు, మనం రంగు వేస్తున్నది దాని 1/35 (అసలులో 35వ వంతు) ప్లాస్టిక్ మోడల్‌కు. గత పాఠంలో పసుపు బేస్ కోట్ (అడుగు పూత) చాలామందికి గరుకుగా వచ్చింది. దాన్ని సరిచేయకుండా మచ్చలు వేయొద్దు. తర్వాత వేసే వాష్ (సందుల్లోకి పారే పల్చటి ముదురు రంగు) ఆ గరుకులో ఇరుక్కుని ట్యాంకంతా నల్ల చుక్కలవుతుంది.

రంగు ప్లాస్టిక్‌ను చేరేలోపే గాల్లో ఆరిపోవడం వల్ల వచ్చిన తంటా ఇది. మన ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో మరీ ఎక్కువ. ఒక వంతు టమియా కంపెనీ ముదురు పసుపు ఎక్స్‌ఎఫ్-60కి ఒకటిన్నర వంతు థిన్నర్ కలపండి. ఎయిర్‌బ్రష్ (రంగును గాలితో చిమ్మే చిన్న గన్) గాలి ఒత్తిడి 15 పీఎస్‌ఐ, దూరం 7 సెంటీమీటర్లు దాటొద్దు. టమియా థిన్నర్ ఎక్స్-20ఎ కంటే మిస్టర్ కలర్ లెవెలింగ్ థిన్నర్ నెమ్మదిగా ఆరుతుంది, నేను వాడేది అదే. ఘాటు ఎక్కువ కాబట్టి ఆవిరిని ఆపే మాస్కు పెట్టుకోవాలి, కిటికీ తెరవాలి. గరుకైన చోట 2000 నంబర్ వాటర్ పేపర్‌ను తడిపి మెల్లగా రుద్ది, పల్చగా మరో పూత వేస్తే చాలు.

వల్లెహో అనే మరో కంపెనీ రంగులో ఇదే థిన్నర్ పోసినవాళ్ళకు కప్పులో పాలు విరిగినట్టయింది. ఆ రంగుకు ఆ కంపెనీ థిన్నరే పోయాలి.

ఇక మీరు పంపిన ఫోటోల్లో పదే పదే కనిపించిన తప్పు: రష్యాలోని స్టాలిన్‌గ్రాడ్ యుద్ధపు ట్యాంకుకు పసుపు రంగు. స్టాలిన్‌గ్రాడ్‌లో జర్మన్లు పూర్తిగా లొంగిపోయింది 1943 ఫిబ్రవరి 2న. ముదురు పసుపును బేస్‌గా వేయమన్న ఉత్తర్వు వచ్చింది ఫిబ్రవరి 18న. కాబట్టి అక్కడి పాంజర్ 4 ముదురు బూడిద రంగులోనే ఉండాలి. చలికాలపు తెల్ల సున్నం రాలిన చోట కూడా బూడిదే కనిపించాలి, పసుపు కాదు. పాంజర్ 4లో జి రకం 1942లోనూ 1943లోనూ తయారైంది, కాబట్టి ఒకే కిట్‌కు రెండు రంగులూ సాధ్యమే. హెచ్ రకం ఉత్తర్వు తర్వాతది, ఫ్యాక్టరీ నుంచే పసుపు. జిమ్మెరిట్ పూత (అయస్కాంత మందుపాతరలు అంటుకోకుండా ట్యాంకుకు పూసిన గరుకు పేస్టు) కూడా తేదీ చెబుతుంది: 1943 జూలైలో కుర్స్క్ యుద్ధానికి అది ఇంకా రాలేదు, 1944 సెప్టెంబరులో ఆపేశారు. కిట్ పెట్టె మీది బొమ్మ చూసి సీసా తెరవొద్దు. నెల, యుద్ధరంగం తేలాకే రంగు. నలుపు తెలుపు ఫోటో కూడా నమ్మకమైన సాక్ష్యం కాదు. ఆర్థోక్రొమాటిక్ ఫిల్ము ఎరుపును పట్టుకోదు, అందుకే ఎర్రగోధుమ మచ్చ దాదాపు నల్లగా పడుతుంది.

మచ్చల సంగతి. ఆకుపచ్చ, ఎర్రగోధుమ రంగులు ముద్దగా డబ్బాల్లో దళాలకు వెళ్ళేవి. సిబ్బంది వాటిని పెట్రోలుతోనో నీళ్ళతోనో పల్చన చేసి స్ప్రే గన్‌తో కొట్టేవారు, గన్ లేకపోతే బ్రష్‌తో పూసేవారు. అందుకే ఒకే కంపెనీలో రెండు ట్యాంకుల మచ్చలు ఒకేలా ఉండవు. గన్‌తో కొట్టిన అంచు అసలు ట్యాంకు మీద 7 సెంటీమీటర్ల మేర మసకబారిందనుకుంటే 1/35లో అది 2 మిల్లీమీటర్లే. మీ అంచు 5 మిల్లీమీటర్లు పరచుకుంటే మోడల్ బొమ్మలా కనిపిస్తుంది.

ఆకుపచ్చకు ఎక్స్‌ఎఫ్-58, గోధుమకు ఎక్స్‌ఎఫ్-64. ముదురు ఆకుపచ్చ ఎక్స్‌ఎఫ్-61 నాకు మరీ నీలంగా తోస్తుంది. ప్రతి పది చుక్కలకు రెండు చుక్కల బేస్ పసుపు కలిపితే మచ్చలు బేస్ మీద అతికించినట్టుండవు. ఒకటికి రెండున్నర వంతుల థిన్నర్, 10 నుంచి 12 పీఎస్‌ఐ, సూది కొన 2 సెంటీమీటర్ల దూరంలో. ముందు మచ్చ అంచు గీసి, తర్వాత లోపల నింపండి. రంగు కాళ్ళు చాచి పాకితే ట్రిగ్గర్ ఎక్కువ లాగుతున్నారని అర్థం.

సాధన: పసుపు వేసిన ప్లాస్టిక్ షీటు మీద 10 సెంటీమీటర్ల వంకర గీతలు ఇరవై గీయండి. గీత వెడల్పు 3 మిల్లీమీటర్లు, మసక అంచు 2 లోపు. వరసగా ఐదు సరిగ్గా వచ్చేదాకా ట్యాంకు జోలికి వెళ్ళొద్దు.