చైత్రంలో వాన పడితే మల్లెతోటలో ముందు చేయాల్సిన పని

మైలవరం దగ్గర మాకు అర ఎకరం మల్లెతోట ఉంది. నవంబరు చివర కొమ్మ కత్తిరించి, ఆకు దూసి, ఎరువేసి నీళ్లు పెడితే మార్చి నుంచి మొగ్గ మొదలవుతుంది. ఏప్రిల్, మే కోతలతోనే మాకు ఏడాది గడవాలి. సరిగ్గా అప్పుడే, అశ్విని కార్తెలోనో భరణిలోనో, సాయంత్రం పూట గాలివాన లేస్తుంది. మల్లెకు ఎండ కావాలి. వరసగా మబ్బు పట్టిందంటే మొగ్గ సన్నబడుతుంది, కోత తగ్గుతుంది. దానికి మనం చేయగలిగింది లేదు. వాన వెలిశాక జరిగే నష్టాన్ని మాత్రం చాలావరకు ఆపొచ్చు.

వాన ఆగగానే చాలామంది మందు డబ్బా కోసం చూస్తారు. ముందు పార పట్టుకోండి. ఎండలకు నీళ్లు నిలవాలని మొక్క చుట్టూ మనమే పాదులు కట్టి ఉంటాం. గట్టివానకు అవే గుంటలవుతాయి. పల్లం వైపు గట్టు తెంపి నీళ్లను బోదె కాలువలోకి, అందులోంచి తోట బయటికి వదలండి. రాత్రికి రాత్రే దిగిపోవాలి. నీళ్లు నిలిస్తే వేరుకు గాలి ఆడదు, మొదలు కుళ్లు పట్టుకుంటుంది. డ్రిప్ ఉంటే వాల్వు కట్టేయండి.

ఆ పని అయ్యాక తోటలో తిరగొద్దు. తడినేల తొక్కిన చోట గట్టిపడిపోతుంది. కలుపు తీయాలన్నా, గొప్పు తవ్వాలన్నా గుప్పెడు మట్టి తీసి పిడికిట్లో నొక్కి చూడండి. వేలితో తాకితే పొడిపొడిగా విరిగిపోతే పదును వచ్చినట్టు. ముద్దగా ఉండి వేళ్లకు అంటుకుంటే ఆగండి.

కోత దగ్గరే అసలు జాగ్రత్త కావాలి. మామూలు రోజుల్లో తలకు లైటు కట్టుకుని, తెల్లారకముందే తెల్లగా బలిసిన, ఇంకా విచ్చని మొగ్గ కోస్తాం. అది సాయంత్రానికి విచ్చుకుంటుంది. రాత్రి వాన పడితే మాత్రం కోతకు వచ్చే అక్కలను నేను పొద్దెక్కాకే రమ్మంటాను. గాలికి మొగ్గ మీద తడి ఆరేదాకా, ఏడు ఎనిమిది గంటల వరకూ ఆగినా మొగ్గ విచ్చుకోదు. చీకట్లో బురదలో పాముల భయమూ తప్పుతుంది.

తడిమొగ్గ బరువు తూగుతుంది కదా అనుకోవద్దు. గంపలో అడుగున పడిన మొగ్గ వేడెక్కి, విజయవాడ మార్కెట్టు చేరేసరికి ఎర్రబడుతుంది. కమీషన్ కొట్టులో గంపలోకి చెయ్యి పెట్టి చూస్తారు, తరుగు తీస్తారు. తప్పనిసరై తడిగా కోస్తే వసారాలో నూలు చీర పరిచి, మొగ్గ మీద మొగ్గ పడకుండా పలచగా ఆరబోసి ఫ్యాను వేయండి. అరచేతిలోకి గుప్పెడు తీసుకుని వదిలితే చెయ్యి తడి కాకూడదు, అప్పుడే గంపకెత్తండి. ప్లాస్టిక్ సంచిలో మాత్రం కట్టొద్దు.

వాన తర్వాత రోజూ మొగ్గల మొదళ్లు చూడండి. తెల్లగా ఉండాల్సిన మొగ్గ గులాబీ, ఊదా రంగుకు తిరిగి రాలుతుంటే అది మొగ్గ ఈగ పని. దాని పురుగు నేలలోకి దిగి కోశం (ప్యూపా) అవుతుంది, అందుకే రాలిన మొగ్గలు ఏరి కాల్చేయాలి. పదును వచ్చాక పైమట్టి కదిలిస్తే కోశాలు ఎండకు చస్తాయి. మొగ్గకు రంధ్రం ఉంటే అది తొలుచు పురుగు. తొలిదశలో లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి కొడతాను. ఆకుమచ్చ కనిపిస్తే లీటరుకు 2.5 గ్రాముల మాంకోజెబ్ అనే తెగులు మందు. ఏది కొట్టినా ఆ రోజు కోత పూర్తయ్యాకే. ఈ పూలు ఆడపిల్లల జడల్లోకి పోతాయి, వాటిని కోసేది మన అక్కల వట్టి చేతులే. రసాయన మందు కొట్టిన మర్నాడు నేను కోత పెట్టను. ఆ రోజు పూలు పోతే పోనీ.

ఇంకోటి. నీళ్లు నిలిచిన చోట వారం తిరిగేసరికి కొత్త ఆకులు పసుపెక్కుతాయి. అందరూ యూరియా తక్కువైందంటారు. ఆకును వెలుతురుకు పట్టి చూడండి. ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్య భాగం పాలిపోతే అది ఇనుప ధాతు లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి ఆకులు తడిసేలా పిచికారీ చేయాలి, పది రోజులకు మళ్లీ ఇంకోసారి. యూరియా వేస్తే ఆకు దట్టమై మొగ్గ తగ్గుతుంది, మెత్తటి చిగురుకు పురుగు ఎగబడుతుంది.

గట్టు మీద బంతి ఉంటే తడిసిన పూలు చెట్టునే ఉంచొద్దు. అమ్ముడుపోకపోయినా తెంపేయండి, లేకపోతే కుళ్లు పక్క మొగ్గకు పాకుతుంది. వడగళ్లకు విరిగిన మల్లెకొమ్మలను మాత్రం ఆకు పూర్తిగా ఆరాకే పదునైన కత్తెరతో విరిగిన చోటుకు కింది కణుపుకు కాస్త పైన కోసి, లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ తెగులు మందు కొట్టండి.