దగ్గరలో వెతికేవారికి మీ దుకాణం కనిపించాలంటే

రాజమహేంద్రవరం దానవాయిపేటలో మా పిన్నిగారు మగ్గం వర్కు దుకాణం నడుపుతున్నారు. పెళ్లి ముహూర్తాలు దగ్గరపడ్డాక జాకెట్లు కుట్టించుకోవాలనుకునేవారు ఇప్పుడు ముందుగా ఫోను తీసి “మగ్గం వర్క్ నియర్ మీ” అని వెతుకుతున్నారు. గూగుల్ సాధారణంగా పటంతో పాటు మూడు దుకాణాల పేర్లు చూపిస్తుంది. నాలుగో దుకాణం కనిపించాలంటే మరోసారి నొక్కాలి, ఆ ఓపిక చాలామందికి ఉండదు. ఎన్నో ఏళ్లుగా సూదిపని చేస్తున్న మనిషి దుకాణం ఆ మూడింటిలో లేకపోవడం నాకు కష్టంగా తోచి, దాని వివరాలను నేనే దగ్గరుండి సరిదిద్దాను. ఆ పనిలో తెలిసినదంతా చిన్న వ్యాపారం చేసుకునే ఎవరికైనా పనికివస్తుందని ఇది రాస్తున్నాను.

స్థానిక ఫలితాల వరుసను ప్రధానంగా మూడు అంశాలు నిర్ణయిస్తాయని గూగులే చెబుతోంది. వెతికిన మాటకూ మీ వ్యాపారానికీ ఉన్న పొంతన ఒకటి, వెతికే మనిషికీ మీ దుకాణానికీ మధ్య దూరం మరొకటి, ఆ వ్యాపారానికి ఉన్న ప్రాచుర్యం మూడోది. దూరం మీ చేతిలో లేదు. మా ఊళ్లోనే మరో పేట అయిన తాడితోటలో నిలబడి వెతికేవారికి అక్కడి దుకాణాలు ముందుగా కనిపించడం సహజం. మీ శ్రమంతా మిగిలిన రెండింటి మీద పెట్టాలి. ఈ వరుసలో డబ్బు కట్టి పైకి వెళ్లే దారి లేదు. డబ్బు కట్టి వేయించేవి ప్రకటనలు, అవి ప్రకటనలని వాటి మీదే రాసి ఉంటుంది. అందువల్ల “నెలకు ఇంత కట్టండి, మొదటి స్థానం ఖాయం” అని ఫోను చేసేవారికి, తాము గూగుల్ నుంచే మాట్లాడుతున్నామని చెప్పినా సరే, ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు.

మొదటి పని గూగుల్ బిజినెస్ ప్రొఫైలు, అంటే గూగుల్‌లోనూ మ్యాప్స్‌లోనూ మీ దుకాణం వివరాలు చూపించే పేజీ, మీ పేరు మీద ఉండేలా చూసుకోవడం. ఇది ఉచితం. కొత్తది తెరిచే ముందు గూగుల్ మ్యాప్స్‌లో మీ దుకాణం పేరు వెతకండి, ఎందుకంటే ఎవరో ఒక ఖాతాదారు ఎప్పుడో దాన్ని చేర్చి ఉండవచ్చు. అలా ఉంటే దాన్నే మీ సొంతం చేసుకోవాలి తప్ప రెండోది తెరవకూడదు. మా పిన్నిగారి ప్రొఫైలును మొదట తయారుచేసిన వ్యక్తి తన జీమెయిల్‌తోనే దాన్ని తెరిచి, తర్వాత కనిపించకుండా పోయాడు. ఆవిడ ఫోను నంబరు మారినప్పుడు దాన్ని దిద్దే వీలు లేక కొన్ని నెలలపాటు కాల్సన్నీ పాత నంబరుకే వెళ్లాయి. యాజమాన్యం కోరుతూ గూగుల్‌కు అభ్యర్థన పెట్టి తిరిగి తెచ్చుకోవలసి వచ్చింది. మీకు ఎవరు సాయం చేసినా ప్రధాన యజమానిగా మీ సొంత జీమెయిల్ ఉండాలి, సాయం చేసేవారిని మేనేజరుగా మాత్రమే చేర్చుకోవాలి.

దుకాణం మీదేనని నిర్ధారించడానికి గూగుల్ చాలాసార్లు వీడియో అడుగుతుంది. దాన్ని మధ్యలో ఆపకుండా, కత్తిరింపులు లేకుండా తీయాలి. మేము వీధి మలుపు నుంచి మొదలుపెట్టి పక్క దుకాణాల బోర్డులు, మా బోర్డు, పిన్నిగారు షట్టరు తాళం తీయడం, లోపల బిగించిన మగ్గం, బిల్లుల పుస్తకం వరసగా చూపించాము. దుకాణం ఎక్కడుందో, లోపల ఏ పని జరుగుతోందో, తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఆ వీడియోలో తెలిసిపోవాలి.

పేరు దగ్గర ఆశకు పోకండి. బోర్డు మీద ఉన్న పేరే ప్రొఫైలులో ఉండాలి; దానికి “బెస్ట్”, “నంబర్ వన్”, ఊరి పేరు, చేసే పనుల పేర్లు తగిలిస్తే నిబంధనలకు విరుద్ధం అవుతుంది, ఎవరైనా ఫిర్యాదు చేస్తే ప్రొఫైలే నిలిచిపోవచ్చు. పొంతన పెంచుకోవలసిన చోటు పేరు కాదు, మీది ఏ రకం వ్యాపారమో చెప్పే కేటగిరీ. ఒక ప్రధాన కేటగిరీని, దానికి తోడు 9 వరకు అదనపు కేటగిరీలను ఎంచుకోవచ్చు. మా పిన్నిగారి దుకాణం బట్టల దుకాణంగా నమోదై ఉండటంతో పట్టుచీరల ధరలు అడిగే ఫోన్లు వచ్చేవి, మగ్గం పని కావలసినవారు మాత్రం ఆవిడను చేరలేకపోయారు. ప్రధాన కేటగిరీని ఎంబ్రాయిడరీకి మార్చి, టైలరింగును అదనంగా చేర్చాక వచ్చే ఫోన్ల తీరే మారింది. చేయని పనుల కేటగిరీలు పది పెట్టడం కంటే చేసే పనికి సరిపోయేవి రెండు పెట్టడమే మేలు.

చిరునామా, ఫోను నంబరు ప్రతిచోటా ఒకేలా ఉండాలన్న సలహా అందరూ ఇస్తారు. 2015లో రాజమహేంద్రవరంగా పేరు మారిన మా రాజమండ్రి వంటి చోట ఇది కొంత గందరగోళమే. పేరు రెండు విధాలుగా రాసినంత మాత్రాన పెద్ద నష్టం ఉండదని నా అభిప్రాయం. నిజమైన నష్టం జస్ట్‌డయల్‌లోనో ఫేస్‌బుక్ పేజీలోనో మిగిలిపోయిన పాత నంబరు, ఖాళీ చేసిన పాత చిరునామా వల్ల వస్తుంది. ఒక సాయంత్రం కూర్చుని మీ పాత నంబరుతో గూగుల్‌లో వెతికి, కనిపించిన ప్రతిచోటా దిద్దించండి. పటం మీది గుర్తు సరిగ్గా మీ గుమ్మం ముందు ఉందో లేదో కూడా చూడండి. ఇంట్లోనే కుట్టుపని చేసుకుంటూ ఖాతాదారుల ఇళ్లకే వెళ్లి కొలతలు తీసుకునేవారు చిరునామా దాచిపెట్టి, తాము వెళ్లే ప్రాంతాలను 20 వరకు చేర్చుకోవచ్చు.

పనివేళల్లో మధ్యాహ్నం మూసే సమయాన్ని, పండుగ సెలవులను తప్పక పెట్టండి. ఫొటోలు మీరే తీయండి: వీధిలోంచి దుకాణం ఎలా కనిపిస్తుందో ఒకటి, పని నాణ్యత కనిపించేలా పగటి వెలుతురులో దగ్గరగా కొన్ని. జర్దోసీ తీగ మెలిక, కుందన్ చుట్టూ వేసిన కుట్టు స్పష్టంగా కనిపించే ఒక్క ఫొటో ఇంటర్నెట్ నుంచి తెచ్చిన పది బొమ్మల కంటే ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

ప్రాచుర్యానికి చిన్న వ్యాపారి చేతిలో ఉన్న బలమైన ఆధారం రివ్యూలే. అడగడంలో తప్పు లేదు, అడిగే సమయం ముఖ్యం. ఖాతాదారు జాకెట్టు తొడుక్కుని అద్దంలో చూసుకున్న క్షణమే, ప్రతి ఒక్కరినీ అడగాలి. ఇంటికెళ్లాక వాట్సాప్‌లో పంపే లింకుకు అంత స్పందన ఉండదు. ప్రొఫైలులో దొరికే క్యూఆర్ కోడును ముద్రించి బిల్లుల బల్ల మీద పెట్టండి. ఏమి కుట్టించుకున్నారో, ఎన్నాళ్లలో ఇచ్చారో తెలుగులోనే రాయమనండి. రివ్యూకు బదులుగా తగ్గింపు ఇవ్వడం, సంతోషించినవారిని మాత్రమే ఏరి అడగడం, బంధువులతో రాయించడం నిబంధనలకు విరుద్ధం. పైగా అవి చదివేవారికి ఇట్టే తెలిసిపోతాయి. చెడ్డ రివ్యూ వస్తే వాదనకు దిగకుండా, “భుజం దగ్గర బిగుతుగా ఉందని రాశారు. జాకెట్టు తీసుకువస్తే డబ్బు తీసుకోకుండా సరిచేసి ఇస్తాము” అని రాసి, అన్నమాట ప్రకారం చేయండి. ఆ జవాబును రాసినవారి కంటే రేపు రాబోయే ఖాతాదారులే ఎక్కువగా చదువుతారు.

ప్రొఫైలుతో పాటు గూగుల్ ఉచితంగా ఇచ్చిన చిన్న వెబ్‌సైట్లు 2024 మార్చిలో ఆగిపోయాయి. వీలైతే సొంతంగా ఒక పేజీ పెట్టుకోండి. పేరు, చిరునామా, నంబరు, చేసే పనులు బొమ్మగా కాకుండా అక్షరాలుగా, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి. ఊరి పేరు మాత్రం మార్చి ఒకే పేజీని ఇరవై ఊళ్లకు నకలు చేసే పనికి దిగవద్దు, గూగుల్ దాన్ని స్పామ్‌గా లెక్కిస్తుంది.

ఫలితం చూసుకోవడానికి దుకాణంలో కూర్చుని మీ ఫోనులోనే వెతికితే దూరం సున్నా కాబట్టి మీరే పైన కనిపిస్తారు. అది లెక్కలోకి రాదు. వేరే పేటల్లో ఉండే ఇద్దరు ముగ్గురిని వెతికి చూడమనండి. ప్రొఫైలులోని పెర్ఫార్మెన్స్ భాగాన్ని నెలకోసారి తెరిస్తే కాల్ బటన్‌ను ఎన్నిసార్లు నొక్కారో, ఎందరు దారి అడిగారో, ఏయే మాటలతో వెతికి మిమ్మల్ని చేరారో తెలుస్తుంది. అక్కడే “ఫాల్ పీకో” అన్న మాట మాకు కనిపించింది. ఆ పని చేసే మిషను దుకాణంలో ఓ మూల ఎప్పటినుంచో ఉంది, కానీ ఆ సంగతి బోర్డు మీద గానీ ప్రొఫైలులో గానీ ఎక్కడా లేదు. పిన్నిగారు ముందు బోర్డు కింద ఒక వరుస రాయించి, ఆ సాయంత్రమే సేవల జాబితాలో దాన్ని చేర్చారు.