లినక్స్‌లో సిస్టమ్ లాగ్‌లు కనిపించనప్పుడు ఏం చేయాలి?

అనంతపురంలోని ఒక డిగ్రీ కళాశాల ల్యాబ్‌లో కరెంటు పోయి వచ్చిన తరువాత ఉబుంటు (ఒక రకం లినక్స్) కంప్యూటర్ ఒకటి మొరాయిస్తోందనుకోండి. కారణం వెతుకుదామని విద్యార్థి, లాగ్‌లను, అంటే సిస్టమ్ తన పనుల గురించి రాసుకునే సందేశాలను, చూపే 'జర్నల్‌సీటీఎల్' కమాండు ఇస్తే, తన లాగిన్‌కు చెందిన నాలుగు వరుసలు తప్ప మరేమీ కనిపించవు. లాగ్‌లు చెరిగిపోయాయని అప్పుడే కంగారు పడనవసరం లేదు. ఇతర యూజర్ల సందేశాలు, సిస్టమ్ సందేశాలు చూపడం లేదనీ, 'ఏడీఎం', 'సిస్టమ్‌డీ-జర్నల్' వంటి గ్రూపుల్లో ఉన్నవారికే అవి కనిపిస్తాయనీ సిస్టమ్ మొదట్లోనే ఒక సూచన ఇస్తుంది. చాలామంది చదవకుండా దాటేసేది దానినే.

అదే కమాండుకు ముందు, అడ్మిన్ అధికారంతో నడిపించే 'సుడో' చేర్చి చూడాలి. అప్పుడు పాత సందేశాలన్నీ వస్తే లోపం అనుమతులది. అప్పుడూ రాకపోతే లాగ్‌లు డిస్కులో నిలవడం లేదని అర్థం.

అనుమతుల లోపమైతే, అడ్మిన్ యూజర్ వివరాలు మార్చే 'యూజర్‌మాడ్' కమాండుకు చిన్న 'ఏ', పెద్ద 'జీ' ఆప్షన్లు రెండూ ఇచ్చి ఆ యూజర్‌ను 'సిస్టమ్‌డీ-జర్నల్' గ్రూపులో చేర్చాలి. చిన్న 'ఏ' మరిచిపోతే ఆ యూజర్ అప్పటిదాకా ఉన్న అదనపు గ్రూపులన్నిటి నుంచీ తొలగిపోతారు, వాటితోపాటు సుడో అధికారమూ పోవచ్చు. మార్పు అమలు కావాలంటే లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. యూజర్ గ్రూపులను చూపే 'ఐడీ' కమాండులో కొత్త గ్రూపు పేరు కనిపించాలి. ఈ శ్రమ ఎందుకని లాగ్ ఫోల్డరు మొత్తానికి 777 అనుమతి (అందరికీ అన్ని హక్కులూ) ఇచ్చేవారున్నారు. దయచేసి ఆ పని చేయవద్దు: ఎవరెప్పుడు లాగిన్ అయ్యారో చెప్పే ఫైలును ఎవరైనా చదవగలరు, చెరిపేయగలరు కూడా.

లాగ్‌లు నిలవకపోవడమే లోపమైతే, లాగ్‌లను సేకరించి దాచే సర్వీసైన 'జర్నల్‌డీ' కాన్ఫిగరేషన్‌లో 'స్టోరేజ్' విలువ చూడాలి. అది 'ఆటో' అయి, 'వార్' కింది 'లాగ్'లో 'జర్నల్' ఫోల్డరు లేకపోతే సందేశాలు మెమరీలోనే ఉండి, రీస్టార్ట్‌తో పోతాయి. విలువను 'పర్సిస్టెంట్'గా మార్చి, జర్నల్‌డీ సర్వీసును రీస్టార్ట్ చేస్తే అక్కడి నుంచి నిలుస్తాయి. తరువాతి బూట్‌లో, అంటే కంప్యూటర్ మళ్లీ ఆన్ అయ్యాక, జర్నల్‌సీటీఎల్‌కు 'డ్యాష్ బి మైనస్ వన్' ఆప్షన్‌ ఇచ్చి అంతకుముందు బూట్ సందేశాలు చదవవచ్చు.

వేసవిలో కరెంటు చెప్పకుండా పోయే మన ప్రాంతంలో మరొకటి గుర్తుంచుకోవాలి. అతి తీవ్రమైన సందేశాలను జర్నల్‌డీ వెంటనే డిస్కుకు చేరుస్తుంది కానీ, మిగిలినవాటిని మామూలుగా 5 నిమిషాల వ్యవధిలో చేరుస్తుంది. కాబట్టి కరెంటు పోవడానికి ముందు నిమిషాల సందేశాలు కొన్ని దక్కకపోవచ్చు. యూపీఎస్ లేని కంప్యూటర్లలో జర్నల్‌డీ కాన్ఫిగరేషన్‌లో ఈ వ్యవధిని నిర్ణయించే 'సింక్‌ఇంటర్వల్‌సెక్' విలువను 30 సెకన్లకు తగ్గించడం మంచిది.