స్ప్రే సీసాలో నూనె తేలకుండా

రోజ్ వాటర్లో నాలుగు చుక్కల లావెండర్ నూనె వేసి గిలకొడితే ముఖానికి కొట్టుకునే స్ప్రే, అదే ఫేస్ మిస్ట్, తయారైపోతుందని మా ఆడపడుచు నమ్మకం. అవదు. సీసా బల్ల మీద పెట్టిన కాసేపటికే చారు మీద పోపు నూనెలా పైకి తేలుతుంది. స్ప్రే గొట్టం అడుగు నుంచి పీలుస్తుంది కాబట్టి మొదట్లో ఒట్టి నీళ్లే వస్తాయి, సీసా ఖాళీ అయ్యేసరికి ముఖం మీద పడేది ఘాటు నూనె. మంట పుట్టేది అప్పుడే.

ఈ రెంటినీ కలిపి ఉంచేది పాలీసార్బేట్ 20. పసుపు రంగులో జిగటగా ఉంటుంది. నూనెను కంటికి ఆననంత చిన్న బిందువులుగా చుట్టేసి నీళ్లలో నిలబెడుతుంది.

100 గ్రాములకి నా కొలత ఇది: లావెండర్ నూనె అర గ్రాము, పాలీసార్బేట్ 3 గ్రాములు, గ్లిజరిన్ 3, పాడవకుండా ఆపే ఫినాక్సీఇథనాల్ ఉన్న ప్రిజర్వేటివ్ 1, మిగతా 92.5 గ్రాములు డిస్టిల్డ్ వాటర్. చుక్కల లెక్క వద్దు, చిన్న డిజిటల్ కాటా కొనుక్కోండి.

అసలు కిటుకంతా వరసలో ఉంది. ముందు నూనె, పాలీసార్బేట్ మాత్రమే చిన్న గాజు గ్లాసులో వేసి, చారలు కనిపించకుండా పోయేదాకా నెమ్మదిగా తిప్పాలి. ఆ తర్వాతే నీళ్లు, చెంచాడు చెంచాడుగా. గిలకొడితే నురగ తప్ప ఒరిగేదేమీ లేదు. చివర్లో గ్లిజరిన్, ప్రిజర్వేటివ్. మర్నాడు సీసా వెనక పేపరు పెట్టి చూడండి. అక్షరాలు చదవగలిగితే సరే. మసగ్గా ఉన్నా, సీసా మెడ దగ్గర నూనె వలయం కట్టినా, ఈసారి పాలీసార్బేట్ అర గ్రాము పెంచండి. మరీ ఎక్కువైతే ముఖం జిడ్డుగా అంటుకుంటుంది.

కొబ్బరి నూనెతో జుట్టు స్ప్రే చేసేవాళ్లు ఈ తంటా పడకండి. అంత నూనె కరగాలంటే పాలీసార్బేట్ బోలెడు పోయాలి. రెండు పొరలుగానే వదిలేసి, వాడేముందు ఊపుకోవడం నయం. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది, డిసెంబరు తెల్లవారుజామున మన గుంటూరులోనూ నాజిల్ మూసుకుపోతుంది. నువ్వుల నూనెతో ఆ గొడవ లేదు.

"అన్నీ సహజమే కదా, ప్రిజర్వేటివ్ ఎందుకు?" అంటారు. నీళ్లున్న చోట బాక్టీరియా, బూజు చేరడం కూడా సహజమే! విటమిన్ ఇ ఆ పని చేయదు, నూనె కంపు కొట్టకుండా చూస్తుందంతే. డిస్టిల్డ్ వాటర్ బదులు వాటర్ క్యాన్ నీళ్లు కూడా పనికిరావు.

తొక్క పిండి తీసిన నిమ్మ నూనె మాత్రం ముఖానికి వద్దే వద్దు. అది రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలిపోతుంది, మన గుంటూరు బ్రాడీపేటలో మే నెల ఎండ సంగతి చెప్పక్కర్లేదు. ఏ నూనెతో చేసినా ఆ స్ప్రేని ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు ఆగండి. స్ప్రే కొట్టుకునేటప్పుడు కళ్లు మూసుకుని ఊపిరి బిగబట్టండి.