వలస స్థావరం చేతులు మారేటప్పుడు ముసాయిదా రాసే పద్ధతి: యానాం, పుదుచ్చేరి నేర్పేది

చుట్టూ మన నేల, మధ్యలో పరాయి జెండా. అలాంటి ఊరి మీద చర్చలకు కూర్చుంటే "ఈ నేల ఎవరిది?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. రెండు పక్షాలూ పరువుకు పోయి అక్కడే ఆగిపోతాయి. రేపటి నుంచి పోలీసులు ఎవరి మాట వినాలి, సుంకం ఎవరు వసూలు చేయాలి, నడుస్తున్న కేసులు ఎవరు విచారించాలి అన్నవి ముందు తేల్చండి. ఫ్రాన్సుతో భారత్ చేసిందిదే. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాంల పాలన 1954 నవంబరు 1న చేతికొచ్చింది. నేల మీద హక్కు వదులుకునే ఒప్పందానికి 1956 మే 28న సంతకాలయ్యాయి.

బల్ల దగ్గరికి వెళ్లేముందు అవతలి దేశపు రాజ్యాంగం చదవాలి. ఫ్రాన్సు 1946 రాజ్యాంగం ప్రకారం ఏ భూభాగాన్నైనా అందులో ఉండే ప్రజల సమ్మతి లేనిదే వదులుకోవడం చెల్లదు. బెంగాల్‌లోని ఫ్రెంచి స్థావరం చందర్‌నగర్‌లో 1949లో జనమే ఓటేశారు. మిగతా నాలుగు చోట్ల తరఫున 1954 అక్టోబరు 18న పుదుచ్చేరి ప్రాంతంలోని కీళూరు గ్రామంలో 178 మంది ప్రజాప్రతినిధులు ఓటేస్తే 170 మంది విలీనానికి మొగ్గారు. మూడు రోజుల్లో ఢిల్లీలో ఒప్పందం కుదిరింది. సమ్మతి ఎలా తీసుకోవాలో ముందే రాసుకోకపోతే, ఫలితం వచ్చాక ఓడినవాళ్లు పద్ధతినే తప్పుపడతారు.

యానాం అంతకుముందే, 1954 జూన్ 13నే, ఫ్రెంచి చేతుల్లోంచి జారిపోయింది. నేల మీద పరిస్థితి ఇలా ముందే మారిపోతే, తప్పెవరిదన్న మాటను ముసాయిదాలోకి రానివ్వకండి. అన్ని చోట్లకూ ఒకటే బదిలీ తేదీ పెట్టండి.

అన్నిటికన్నా జాగ్రత్తగా రాయాల్సింది జాతీయత నిబంధన. 1956 ఒప్పందం పుట్టిన చోటుతోపాటు, అమల్లోకి వచ్చే రోజున మనిషి నివాసం ఎక్కడన్నదీ చూసింది. అక్కడే పుట్టి అక్కడే ఉంటున్నవాళ్లు భారతీయులవుతారు. ఫ్రెంచి జాతీయత ఉంచుకోదలచినవాళ్లు ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా చెప్పాలి. కానీ ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం ఆలస్యమై ఒప్పందం 1962 ఆగస్టు 16న గానీ అమలు కాలేదు. పాలన భారత్‌ది, జాతీయత ఫ్రాన్సుది అన్నట్టు జనం దాదాపు ఎనిమిదేళ్లు గడిపారు. అందుకే ఆమోదానికి గడువు రాయించండి. గడువు దాటితే పాస్‌పోర్టు ఎవరు ఇవ్వాలో కూడా రాయించండి.

పాలన బదిలీ కుదరకపోతే రాకపోకల మీదైనా ఒప్పుకోలు కావాలి. "దారి హక్కు" అని ఒక్క ముక్కలో రాయడం ప్రమాదం. భారత భూభాగం మధ్యలో ఉన్న తన స్థావరాలు దాద్రా, నగర్ హవేలీలకు దారి కోసం పోర్చుగల్ వేసిన కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం 1960 ఏప్రిల్ 12న ఈ హక్కును విడగొట్టి చూసింది. మామూలు మనుషులు, సివిల్ అధికారులు, సాధారణ సరుకులకు, అదీ భారత్ నియంత్రణకు లోబడి, హక్కు ఉండేదంది. సైన్యానికి, సాయుధ పోలీసులకు, ఆయుధాలకు లేదంది. మీ ముసాయిదాలోనూ ఒక్కో వర్గానికి ఒక్కో పేరా ఉండాలి. అనుమతి ఎవరిస్తారు, ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఏ కారణాల మీద ఆపవచ్చు అన్నవి అందులోనే రాయండి.