శ్రీకాకుళం ఉక్కలో కుకీల మీద పూలతోట వేయడం ఎలా?

కుకీలు మీకు అలవాటైన పద్ధతిలోనే కాల్చుకోండి. బేకింగ్ పౌడర్ మాత్రం తగ్గించండి, లేకపోతే అంచులు ఉబ్బుతాయి. పూర్తిగా చల్లారాకే ఐసింగ్, అంటే పూలు గీసే పంచదార పూత, పెట్టాలి.

500 గ్రాముల ఐసింగ్ షుగర్ జల్లించి, 3 టేబుల్‌స్పూన్ల మెరింగ్ పౌడర్ (ఎండబెట్టిన తెల్లసొనతో చేసే పొడి), 80 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు కలిపి, బీటర్‌తో తక్కువ స్పీడులో గట్టిపడేదాకా గిలక్కొట్టండి. పచ్చి తెల్లసొనతోనూ వస్తుంది కానీ పిల్లలు తినేదాంట్లో నేను వెయ్యను. మిక్సీలో పట్టిన పంచదార అసలే వద్దు, పలుకులు కోన్‌కి అడ్డుపడతాయి. గిన్నెకి జిడ్డుంటే ఐసింగ్ పొంగదు, ముందే నిమ్మచెక్కతో రుద్దండి.

ఇక అందరూ పాడుచేసేది పలచన చేసే దగ్గరే. గట్టి ఐసింగ్ కొంత తీసి ఆకులకి, రేకులకి ఉంచుకుని తడిబట్ట కప్పండి. మిగతాదాంట్లో నీళ్లు చెంచాతో పొయ్యకండి. చుక్కలు చుక్కలుగా వేసి కలుపుతూ, చాకుతో మధ్యలో గీత గీసి చూడండి. గీత కలిసిపోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో అదే దాని పలచన. వీడియోల్లో 10 సెకన్లు అంటారు. అది ఏసీ గదుల లెక్క. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లలో, అందులోనూ వానాకాలంలో, 10 సెకన్ల ఐసింగ్ ఓ పట్టాన ఆరదు. పైన గుంటలు పడతాయి, ఎర్ర మందారం రంగు పక్కనున్న తెల్ల నందివర్ధనంలోకి పాకుతుంది. మనకి 18 నుంచి 20 సెకన్లు ఉండాలి. మరీ పలచనైతే పక్కకి తీసిన గట్టి ఐసింగే కాస్త కలపండి.

రంగులు జెల్‌వే వాడండి, నీళ్ల రంగులు వేస్తే పలచన లెక్కంతా తప్పుతుంది. కొన్ని గంటలకి రంగు ముదురుతుంది కాబట్టి అనుకున్నదానికన్నా లేతగా ఉన్నప్పుడే ఆపండి.

నాజిల్ సెట్లు కొనక్కర్లేదు. గోరింటాకు కోన్‌లా కొత్త ప్లాస్టిక్ షీట్ చుట్టుకుంటే చాలు. కోన్‌ని కుకీకి ఆనించకుండా కాస్త పైనుంచి తీగ వదులుతూ అంచు గీయండి. ముగ్గు వెయ్యడం వచ్చినవాళ్లకి ఇది నేర్పక్కర్లేదు. లోపల నింపి, మెల్లగా కదిపి, బుడగలు గుండుసూదితో పొడవండి. పచ్చిగా ఉండగానే పసుపు చుక్కలు పెట్టి సూదితో లాగితే చిన్న పూలొస్తాయి. బంతిపూవు, ఆకులు మాత్రం అడుగు ఆరాకే, గట్టి ఐసింగ్‌తో. కోన్ మొనని రెండువైపులా ఏటవాలుగా కత్తిరిస్తే ఆకు ఆకారం దానంతటదే పడుతుంది.

ఇంత తంటా ఎందుకు, ఫాండెంట్ (పిండిముద్దలా ఒత్తుకునే పంచదార ముద్ద) అంటిస్తే పోదా అని అడుగుతుంటారు. మన ఉక్కకి అది జిగురైపోతుంది, పైగా రుచీ ఉండదు.

నింపిన వెంటనే ఫ్యాన్ కింద పెట్టండి, మెరుపు నిలుస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, బయటికి తీయగానే చెమ్మ పట్టి రంగులు కారతాయి. కనీసం రాత్రంతా ఆరాలి, ముసురు పట్టిన రోజుల్లో ఇంకా ఎక్కువ. వేలితో మెల్లగా నొక్కితే దిగకపోతేనే బటర్ పేపర్ పరుస్తూ డబ్బాలో సర్దండి.