సైకిల్ మీద గుండె వేగం పరుగంత ఎందుకు రాదు? మీ నంబర్లు ఇలా కొలుచుకోండి

నిరుడు చలికాలంలో పాతపట్నం నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, పరిగెడితే గుండె వేగం 150 సులువుగా వచ్చేస్తోంది. సైకిల్ మీద ఎంత తొక్కినా 140 దాటట్లేదు. నేను గట్టిగా తొక్కట్లేదంటావా?" ఆ 150 కోసం వాడు పెద్ద గేరు వేసి రెండు వారాలు తొక్కాడు. చివరికి మోకాలు నొప్పి పట్టింది. నాకు చాలా బాధేసింది, ఎందుకంటే వాడి తొక్కుడులో తప్పేమీ లేదు.

పరుగులో ఒంటి బరువంతా అడుగడుక్కీ మనమే మోయాలి. కాళ్లతోపాటు నడుము, వీపు, చేతులు కూడా పనిచేస్తాయి. సైకిల్ మీద బరువును సీటు మోస్తుంది, పని ఎక్కువగా తొడలదే. పనిచేసే కండరాలు తక్కువైతే వాటికి కావలసిన ఆక్సిజన్ తక్కువ, గుండె మీద భారమూ తక్కువ. అందుకే కష్టం ఒకేలా అనిపించినా సైకిల్ మీద చాలామందికి నిమిషానికి 5 నుంచి 10 బీట్లు తక్కువే కనిపిస్తాయి. కొత్తగా తొక్కేవాళ్లకు ఊపిరి అందకపోవడం కంటే ముందే తొడలు మండిపోతాయి కాబట్టి తేడా ఇంకా ఎక్కువ ఉండొచ్చు. ఏళ్ల తరబడి తొక్కినవాళ్లకు తగ్గుతుంది.

కాబట్టి రెండింటికీ విడివిడిగా కొలుచుకోవాలి. గుండె గరిష్ఠ వేగం కోసం 220లోంచి వయసు తీసేసే లెక్కను నమ్ముకోకండి. నాకు 46 ఏళ్లు, ఆ లెక్కన 174 దాటకూడదు. పర్లాకిమిడి బయట ఎత్తు రోడ్డు మీద పరిగెడుతూ 183 చూశాను.

నేను చేసే పద్ధతి ఇది. పావుగంట మెల్లగా పరిగెత్తి ఒళ్లు వేడెక్కాక, 30 నిమిషాలు ఒకే జోరుతో, అంతసేపు నిలబెట్టుకోగలిగినంత గట్టిగా పరిగెత్తాలి. చివరి 20 నిమిషాల సగటు గుండె వేగం రాసుకోవాలి. మూడు నాలుగు రోజులు ఆగి, కాళ్లు తేరుకున్నాక, సైకిల్ మీద అదే పరీక్ష. దీనికి దిగుడు లేని, లారీలు తిరగని రోడ్డు కావాలి. నేను తెల్లవారుజామునే బయల్దేరతాను. నాకు పరుగులో 168, సైకిల్ మీద 160 వచ్చాయి. తేలిక రోజుల్లో వీటిలో సుమారు 85 శాతం దాటను: పరుగైతే 143, సైకిలైతే 136. పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే సరైన వేగంలో ఉన్నట్టే. గుండె జబ్బు, ఛాతీలో నొప్పి, బీపీ మాత్రలు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఈ పరీక్ష చేయొద్దు. కొన్ని బీపీ మాత్రలు గుండె వేగాన్నే తగ్గించేస్తాయి, అప్పుడు ఈ నంబర్లకు అర్థం ఉండదు.

గుండె వేగం చూపించే చేతి వాచీని కూడా కాస్త అనుమానించాలి. పరుగులో అది ఒక్కోసారి గుండెకు బదులు అడుగుల లయను పట్టుకుని 170, 175 చూపిస్తుంది. సైకిల్ మీద మణికట్టు వంగడం, గతుకులు దాన్ని తప్పుదారి పట్టిస్తాయి. ఛాతీకి కట్టే పట్టీ నయం.

మా వైపు వేసవి గురించి తప్పకుండా చెప్పాలి. ఏప్రిల్, మే ఉక్కపోతలో వేగం పెంచకపోయినా ముప్పావుగంట తర్వాత గుండె వేగం పైకి పాకుతుంది. చెమటతో నీరు పోయి, చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది కాబట్టి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. సైకిల్ మీద ఎదురుగాలి కాస్త ఆదుకుంటుంది గానీ, గండాహాటి వైపు ఎత్తు ఎక్కేటప్పుడు ఆ గాలీ ఉండదు. అలాంటప్పుడు నంబరు నిలబెట్టుకుని వేగం తగ్గించండి, నీళ్లు తాగుతూ ఉండండి. దిగుడులో తొక్కడం ఆపితే నంబరు పడిపోతుంది కాబట్టి మొత్తం సవారీ సగటు చూసి బెంగపడొద్దు.

మేనల్లుడు ఇప్పుడు చిన్న గేరులో నిమిషానికి 85, 90 తిప్పులు తొక్కుతున్నాడు. సైకిల్‌కు వాడి తేలిక రోజు హద్దు 134. మోకాలు నొప్పి తగ్గింది. రెండు నెలలకోసారి మళ్లీ కొలుచుకోమన్నాను, ఈసారి ఇద్దరం కలిసి చేస్తాం.